‘స్లో’ యను మాటయు దాని సహచరులును

విద్యార్థులారా! ఇంగ్లీషున నొక్కొక్క మాటకు నర్థము వల్లించినంత మాత్రమున నా భాష మనకు వశము కాదు. ఏ మాట యే మాటతో గూడి నడచునో యదియు నెఱుగవలెను. ఇందులకు ‘స్లో’ యను చిన్నమాటయే చాలిన నిదర్శనము.

ఒక బాలుడు, జ్వరపడిన తన తల్లికి నెమ్మదించినదని యుపాధ్యాయునకు దెలుపగోరి, ‘మై మదర్ ఈజ్ స్లో నౌ’ అని వ్రాసెననుకొందము. నెమ్మది యనగా స్లో యని యతడు కంఠస్థము చేసియుండును. కాని యింగ్లీషువా రా వాక్యమును జదివినచో, ఆమె చురుకుదనము తగ్గినదనియో బుద్ధి మందగించినదనియో తలంతురు. శుభవార్త చెప్పబోయి బాలుడు తల్లిని చిన్నబుచ్చినవాడగును! అచ్చట ‘బెటర్’ అనవలెను.

మన ‘మెల్లగా’ యను మాట రెండు పనులు చేయును. ‘మెల్లగా నడువుము’ అన్నచో వేగము తగ్గింపుమని యర్థము. ‘శిశువు నిద్రించుచున్నది, మెల్లగా మాటలాడుము’ అన్నచో గొంతు తగ్గింపుమని యర్థము. ఇంగ్లీషున మొదటిదానికి ‘స్లోలీ’ యనియు, రెండవదానికి ‘సాఫ్ట్‌లీ’ యనియు వాడుదురు. శిశువు చెంత ‘స్పీక్ స్లోలీ’ యన్నచో, మాట మాటయు విడదీసి బిగ్గరగా నరచినను నాజ్ఞ చెల్లినట్లే!

గడియారము 10 నిమిషములు వెనుకబడినచో ‘టెన్ మినిట్స్ స్లో’ యందురు. రైలు 10 నిమిషములు ఆలస్యమైనచో ‘టెన్ మినిట్స్ లేట్’ అందురు. ‘స్లో ట్రెయిన్’ అనగా పెక్కు స్టేషనులలో నాగుచు బోవు బండి. అది సరియైన వేళకే చేరవచ్చును.

మఱికొన్ని జతలను గమనింపుడు. మందముగా బాఱు నది ‘స్లగిష్ రివర్’. తీరికగా, హాయిగా సాగు నడక ‘లీజర్లీ వాక్’. క్రమక్రమముగా గలుగు మేలు ‘గ్రాడ్యువల్ ఇంప్రూవ్‌మెంట్’. చూచువారికి విసుగు గొలుపునంత జాగు ‘పెయిన్‌ఫుల్లీ స్లో’. సన్నని సెగ ‘స్లో ఫైర్’. ‘ఎట్ ఎ స్నెయిల్స్ పేస్’ అనునది మన నత్తనడకయే. ఇచ్చట రెండు భాషలును నేకమైనవి.

తుదకు నొకమాట. ‘ఎ స్లో బాయ్’ అన్నచో మందబుద్ధి యని నింద. ‘స్లో బట్ స్టెడీ ప్రోగ్రెస్’ అన్నచో మెల్లగానైనను నిలుకడగా వృద్ధి పొందుచున్నాడని మెప్పు. బాలు డొక్కడే, సహచరపదము మాఱుటచే వాని గౌరవము మాఱినది. కావున వ్రాయు నుపాధ్యాయులును, చదువు తలిదండ్రులును రెండవ మాటవఱకు నిలిచి చూడవలయును. విద్యార్థులు క్రొత్తమాటను నోటుపుస్తకమున నొంటరిగా వ్రాసికొనక, దాని సహచరునితో గూడ వ్రాసికొందురుగాక.

అభ్యాసము: ‘నా గడియారము 5 నిమిషములు వెనుకబడినది’, ‘తమ్ముడు నిద్రించుచున్నాడు, మెల్లగా మాటలాడుము’, ‘తాతగారికి నెమ్మదిగా నున్నది’ — వీనిని ఇంగ్లీషున వ్రాసి చూడుడు.