భయం పోయాక బయలుదేరుదామనుకోవద్దు

నందికొట్కూరు

పాపకు పెద్దనాయన రాసేది.

నువ్వు ఫోన్‌లో పెట్టిన మాటలు మీ పెద్దమ్మ చదివి వినిపించింది. ఫోన్‌లో జవాబు చెప్పబోతే సగంలో మీ నాయన అందుకుంటాడు, మాట యాడికో పోతుంది. అందుకే కాగితం తీసుకున్నా.

కర్నూలులో నైట్ డ్యూటీలు చేసుకుంటూనే జర్మన్ భాషలో బి1 పరీక్ష పాసయ్యావు. జర్మనీలో నర్సు ఉద్యోగానికి ఇంటర్వ్యూలో సెలెక్టయ్యావు. తీరా కాంట్రాక్టు మీద సంతకం పెట్టాల్సి వచ్చేసరికి, ‘దేవుడు ధైర్యం ఇచ్చిన రోజు పెడతా, అంతవరకు ప్రార్థన చేసుకుంటా’ అంటున్నావు. ప్రార్థన మానమని నేనెందుకు చెప్తాను? నాకు నచ్చనిది ఆ వరుస. ముందు ధైర్యం రావాలి, ఆ తర్వాతే కదలాలి అనేది మనం పెట్టుకున్న లెక్క. బైబిలులో ఆ లెక్క ప్రకారం నడిచినవాళ్లు నాకు పెద్దగా కనపడరు.

నిర్గమకాండం మూడు, నాలుగు అధ్యాయాలు మళ్లీ చదువు. మోషే ఎన్ని సాకులు చెప్పాడో చూడు. నేనెంతటివాణ్ణి అన్నాడు, నా మాట నమ్మరు అన్నాడు, నాకు నోరు తిరగదు అన్నాడు, ఆఖరికి ఇంకెవరినైనా పంపమని బతిమాలాడు. దేవుడు అతని భయం తీసేసినట్టు ఆ అధ్యాయాల్లో యాడా లేదు. నేను నీతో ఉంటానని మాటిచ్చాడు. నోరు తిరగదన్నదానికి నాలుక బాగుచేయలేదు, అన్న అహరోనును తోడిచ్చాడు. ఈ ముక్క మన ప్రసంగాల్లో తొందరగా దాటేస్తారు. నాకైతే కథంతా అక్కడే ఉన్నట్టుంటుంది. నీకు కూడా ఆ దేశంలో అడుగుపెట్టిన రోజే జర్మన్ గడగడా వచ్చేయదు. వార్డులో ఓపికగా మళ్లీ చెప్పే సీనియర్ ఒకామె దొరుకుతుంది. నువ్వు అడగాల్సింది అట్లాంటి మనిషిని.

భాష సంగతి వచ్చింది కాబట్టి అజరయ్య గారి గురించి చెప్తాను. దోర్నకల్ బిషప్ అని పేరు వినే ఉంటావు, ఆయన మన తెలుగువాడు కాదని నీకు తెలుసో లేదో. తిరునల్వేలి పక్కన పల్లెటూళ్లో 1874లో పుట్టిన తమిళుడు. వై.ఎం.సి.ఎ.లో మంచి ఉద్యోగం, దేశమంతా తిరిగే పని, చదువుకున్నవాళ్ల మధ్య గౌరవం. 1903లో తోటివాళ్లతో కలిసి తిరునల్వేలి మిషనరీ సంఘం పెట్టాడు. ఆ సంఘం నిజాం రాజ్యంలో దోర్నకల్‌ను ఎంచుకుంది. అక్కడికి మనుషులను పంపాలని ఊరూరా చెప్పినవాడు 1909లో ఉన్న ఉద్యోగం వదిలి తానే పోయాడు. అప్పటికి వయసు 35 ఏళ్లు. ఆ వయసులో తెలుగు నేర్చుకొని, పల్లెల్లో మాల మాదిగ ఇండ్ల మధ్య కూర్చుని బోధించాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనను బిషప్పుగా అభిషేకించారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. భారతీయుడికి ఆ పదవి ఏంటని గొణిగినవాళ్లు తెల్లవాళ్లలోనే కాదు, మనవాళ్లలోనూ ఉన్నారు. తర్వాత మన నంద్యాల వైపు ఎస్.పి.జి. అనే ఆంగ్లికన్ మిషన్ సంఘాలు కూడా ఆయన అధ్యక్షతలోకే వచ్చాయి. 1945లో దోర్నకల్‌లోనే కన్నుమూశాడు. బి1 పాసయిన నీకు 35 ఏళ్లకు అక్షరాలు దిద్దిన మనిషి కథ పనికొస్తుందని రాశాను.

సముద్రం దాటడమంటే భయమా? జాన్ రంగయ్య గారిని తలుచుకో. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కించి మనవాళ్లను దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరకు తోటలకు కూలి ఒప్పందం మీద తీసుకుపోయారు. వాళ్లలో తెలుగు బాప్టిస్టులున్నారు. మాకు మా భాషలో వాక్యం చెప్పే కాపరి కావాలని వాళ్లు ఇంటివైపు కబురు పెట్టారు. నెల్లూరు నుంచి తెలుగు బాప్టిస్టు హోం మిషన్ సంఘం రంగయ్య గారిని 1903లో పంపింది. గమనించు, పంపింది తెల్ల దొరల మిషన్ కాదు, మన తెలుగు విశ్వాసుల సంఘం. ఆ ఏడు తిరక్కముందే కియర్స్నీ తేయాకు తోటల దగ్గర తెలుగు సంఘం ఏర్పడింది. 1915లో చనిపోయేదాకా ఆయన ఆ సేవలోనే ఉన్నాడు. ఒంటరిగా తెగించి పోయిన వీరుడని ఆయన్ను పొగడటం నాకు ఇష్టం ఉండదు. వెనక పంపినవాళ్లు, ముందు పిలిచినవాళ్లు ఉన్నారు. అందుకే నువ్వు రహస్యంగా వీసా తెచ్చుకొని చివరి వారం చెప్పొద్దు. సంఘం ముందు నిలబడి, నా కోసం ప్రార్థన చేసి పంపండి అని అడుగు.

నీ వృత్తి సంగతి కూడా ఒక మాట. ఎవరెవరివో ఒళ్లు తాకాలి, మలమూత్రాలు ఎత్తాలి అని పెద్ద కులాలవాళ్లు తమ ఆడపిల్లలను పంపని రోజుల్లో జమ్మలమడుగు క్యాంబెల్ ఆసుపత్రి వంటి మిషన్ ఆసుపత్రుల్లో నర్సింగు నేర్చుకున్నది ఎక్కువగా మన క్రైస్తవ పిల్లలే. దేశమంతటా చాలా కాలం నర్సుల్లో అత్యధికులు క్రైస్తవ స్త్రీలే. ఆ పిల్లలకు అప్పుడు జమ్మలమడుగు ఇప్పటి జర్మనీ అంత దూరం.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో నీకొచ్చిన వాగ్దాన చీటీలో ప్రయాణం మాట లేదని బాధపడ్డావట. పాపా, అవి ప్రెస్సులో వేల లెక్కన అచ్చేసిన చీటీలు. వాక్యం వాక్యమే, కాదనను. కానీ డబ్బాలో చెయ్యిపెట్టి తీసినదాన్ని బట్టి ఉద్యోగం నిర్ణయించడం సోది అడిగినట్టుంటుంది. బైబిలులో గిద్యోను గొర్రెబొచ్చు పరచి సూచన అడిగాడంటావేమో. దేవుడు పొమ్మన్న మాట అప్పటికే అతనికి అందింది. సూచన అడిగింది అతని బెదురు.

మన పక్కవాళ్లు ఆదోని, కోసిగి నుంచి ఏటా గుంటూరు మిరప కోతలకు సుగ్గికి, అంటే కూలి వలసకు, పోతారు. చంకలో బిడ్డ, నెత్తిన మూట. వాళ్లను ధైర్యముందా అని ఎవరూ అడగరు, ఆకలి తరుముతుంది. 1981లో శ్రీశైలం నీళ్లకు ఊర్లు మునిగి, మన తాలూకావాళ్లెందరో ఇల్లూ పొలమూ వదిలారు. వాళ్లకు ఎంచుకునే వీలే లేకపోయింది. నీకు ఎంచుకునే వీలుంది. అందుకే ఇంత భయం. ఎటు పోవాలో మన చేతిలోనే ఉన్నప్పుడు గుండె ఎక్కువ కొట్టుకుంటుంది.

విశ్వాసం ఉందని కళ్లు మూసుకోవద్దు. నిన్ను పంపే ఏజెంటు విదేశాంగ శాఖ దగ్గర నమోదయినవాడేనా అని ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడు. చట్టం ప్రకారం సర్వీసు ఛార్జీ కింద 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. లక్షలు అడిగితే అక్కడే ఆగిపో. ‘అన్నా, మేమూ విశ్వాసులమే’ అంటూ వచ్చేవాణ్ణి ఇంకొంచెం ఎక్కువ అనుమానించు. పోయిన కొత్తలో గుర్తింపు వచ్చేదాకా సహాయకురాలిగానే పెడతారు, జీతం తక్కువగా ఉంటుంది. ఇది ముందే మనసులో పెట్టుకుంటే అక్కడ ఏడవవు.

ఇంతా చెప్పాక, అన్నీ చూసుకొని నువ్వు పోననుకుంటే నీ విశ్వాసం తగ్గిందని నేననను. వచ్చిన ప్రతి అవకాశమూ దేవుడి పిలుపు కాదు. అయితే వద్దనుకోవడానికి కారణం చెప్పగలగాలి. ‘భయమేసింది’ అన్నది కారణం కాదు.

మీ నాయన పెండ్లి చేసే పంపుతానంటున్నాడని విన్నా. అది ఆయన భయం, నీది కాదు. ఆదివారం ఆరాధన అయినాక మీ నాయనను ఇంటికి పిలుస్తున్నా. నువ్వు శనివారం రాత్రికే కర్నూలు నుంచి బస్సెక్కి రా. కాంట్రాక్టు కాగితాల జెరాక్సు తీసుకురా. జీతం, సెలవులు, మధ్యలో మానేస్తే కట్టాల్సిన డబ్బు రాసిన పేజీలు ముఖ్యం. అవి మీ నాయన ముందు నువ్వే చదివి అర్థం చెప్పాలి. నేను పక్కన కూర్చుంటా, నోరు మాత్రం విప్పను.

మీ పెద్దనాయన