పురుగును తినే పురుగు

ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తోలే ఇంట్లో పుట్టి పెరిగాను. ఇప్పుడిప్పుడే చేను పనిలోకి దిగుతున్న పిల్లలకు నేను చెప్పేవి ఇవి.

1. పంపు భుజానేసుకునే ముందు ఆకు తిరగేసి చూడు బిడ్డా. పేనుబంక ఉన్నచోటే నల్లగా, పొడుగ్గా, నారింజ మచ్చలతో పాకే పిల్లపురుగు కనిపిస్తుంది. చీడ అనుకుని నలిపేయకు. అది అక్షింతల పురుగు పిల్ల. పేనుబంకే దాని తిండి.

2. తిండి ఉన్నాకే తినేది వస్తుంది. చీడపురుగుకు చేనంతా తిండే గనక మందు కొట్టినా త్వరగా తేరుకుంటుంది. దాన్ని తిని బతికే మిత్రపురుగు పెరగాలంటే ముందు ఆ చీడ పెరగాలి. ఆ నడిమి రోజుల్లోనే చేను పోతుంది. 1997-98లో మన ఉమ్మడి వరంగల్ జిల్లాలో పొగాకు లద్దెపురుగు ఎగబడింది. కొట్టిన మందే మళ్లీ మళ్లీ కొట్టారు. తట్టుకున్నవి మిగిలాయి, వాటి పిల్లలూ తట్టుకునేవే పుట్టాయి. పంట పోయి, అప్పు మిగిలి, ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. చాలామంది తాగింది ఆ పురుగుమందే. ఆ ఏడాదిని మరిచి పత్తి పెట్టకండి.

3. చేను చుట్టూ ఆముదం వేయి. లద్దెపురుగు తల్లికి పత్తికన్నా ఆముదం ఆకంటేనే ఇష్టం. గుడ్లన్నీ ఒక్కచోట కుప్పగా పెట్టి, పైన తన ఒంటి నూగు కప్పిపోతుంది. పిల్లలు గుంపుగా ఉండి పచ్చదనమంతా గీకి తింటే ఆకు జల్లెడవుతుంది. ఆ జల్లెడాకు తెంపి నాశనం చేస్తే వందల పురుగులు ఒక్కసారే పోతాయి. ఆలస్యం చేశావా, చేనంతా చెదిరిపోతాయి.

4. చేనులో అక్కడక్కడా కొమ్మలు పాతు, పిట్టలు వాలతాయి. దసరా నాడు పాలపిట్టను చూడాలని ఊరవతలికి పోతాం కదా, మిగతా రోజుల్లో అది ఏరుకు తినేది పురుగులనే.

5. గులాబీ రంగు పురుగుకు పత్తే ముఖ్యమైన తిండి. 2002లో బీటీ విత్తనం వచ్చాక కొన్నేళ్లు అది అణిగింది, తర్వాత దాన్నీ తట్టుకుంది. సంచితో ఇచ్చిన బీటీ కాని గింజలను చుట్టూ వేయమన్నది ఊరికే కాదు. వాటి మీద బతికిన పురుగులు తట్టుకున్నవాటితో జతకడితే ఆ గుణం త్వరగా పాకదు. చాలామంది ఆ పొట్లం పారేశారు. ఇంకో ఏరుడు వస్తుందని ఎండాకాలం దాకా పత్తికట్టె ఉంచితే, ఆ పురుగుకు ఏడాదంతా మేత పెట్టినట్టే. జనవరికల్లా తీసేయి.

6. రెక్కలున్న పురుగుకు గట్టు అడ్డం కాదు. అందుకే నాకు ఎనబావి అంటే గౌరవం. అప్పట్లో మన జిల్లాలోనిదే, ఇప్పుడు జనగామలో ఉంది. 2006 నాటికి ఊరంతా ఒక్కమాట మీద రసాయనాలు మానేశారు. అంత కుదరకపోయినా, విత్తే ముందు నీ గట్టు పక్క నలుగురినీ కూర్చోబెట్టు. ఆముదం ఎవరు ఎటువైపు వేయాలో, కట్టె ఎప్పుడు తీయాలో ఆ రోజే తేల్చుకోండి.