సోదాకొచ్చారా? ముందు వారంటు చదువు

చెల్లీ, మొన్న ఫోన్లో అడిగావే, "పోలీసులు సోదా వారంటంటూ గుమ్మంలోకొస్తే, ఇది చెల్లదనే హక్కు మనకుంటుందా అక్కా?" అని. ఎందుకుండదు! కాకపోతే ఆ మాట అనాల్సింది గుమ్మంలో కాదు, కోర్టులో. తలుపేసుకుని అడ్డం నిలబడ్డావనుకో, విధులకు ఆటంకమని ఇంకో కేసు మెడకు చుట్టుకుంటుంది.

వారంటు చూపించమని నెమ్మదిగా అడుగు. దాని మీద మేజిస్ట్రేటు సంతకం, కోర్టు ముద్ర ఉండాలి. ఎవరి ఇల్లు, ఏ భాగం, దేనికోసం అన్నది చదువుకో. కింది పోర్షనని కోర్టు రాస్తే, పై పోర్షన్లో మీ అత్తగారి బీరువా తెరవడానికి ఆ కాగితం చాలదు. హద్దు దాటారన్నది రేపు నీ లాయరు చేతికి గట్టి పాయింటు.

అంతకన్నా లోతైనది ఇంకోటుంది. మేజిస్ట్రేటు బుర్ర పెట్టి ఇచ్చారా, పోలీసులు అడిగారు కదాని సంతకం పెట్టేశారా? సోదా వారంటంటే చిన్న విషయం కాదనీ, రెండు ముక్కల్లో యాంత్రికంగా ఇచ్చేయకుండా కారణాలు చెప్పడం మంచిదనీ కుట్టన్ పిళ్లై కేసులో సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. అందుకే వారంటు ఒక్కటే కాదు, దాని వెనకున్న ఆర్డరు నకలు కూడా తీయించాలి. హైకోర్టుకు వెళ్తే వాదన నడిచేది దాని మీదే.

అసలు వారంటే లేకుండా వస్తే? అత్యవసరమైతే దర్యాప్తు అధికారికి ఆ అధికారం ఉంది. కానీ ఎందుకు ఆగలేకపోయారో, దేనికోసం వెతుకుతున్నారో ముందే కేస్ డైరీలో రాయాలి. 2024 జులై 1న అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అదే బీఎన్‌ఎస్‌ఎస్ 185వ సెక్షన్ ప్రకారం ఆ కాగితాల నకలు 48 గంటల్లోగా మేజిస్ట్రేటుకు చేరాలి. దరఖాస్తు పెట్టుకుంటే నీకూ ఉచితంగా ఇస్తారు. ఈ సంగతి తెలిసినవాళ్లు ఎంత తక్కువో!

ఇక పంచనామా. ఆ చుట్టుపక్కల ఉండే, కేసుతో సంబంధంలేని ఇద్దరైనా సాక్షులుగా ఉండాలి. ఇంటివాళ్లను దగ్గరుండి చూడనివ్వాలి. సోదా అంతా వీడియో తీయాలి. ఆడవాళ్ల ఒంటిని ఆడపోలీసే, మర్యాదగా తడమాలి. జప్తు జాబితా నకలు అడిగి తీసుకో. అందులో "గొలుసు ఒకటి" అని రాస్తే సరిపోదు, ఎన్ని గ్రాములో రాయమను. ఖాళీ కాగితం మీద సంతకం మాత్రం చచ్చినా పెట్టకు. రాత్రిపూట ఆడవాళ్లున్న ఇంటికి రాకూడదని మనవాళ్లంటుంటారు చూడు, ఆ నియమం అరెస్టుది తల్లీ, సోదాది కాదు.

ఒక చేదు నిజం కూడా చెప్పాలి. అమెరికా సినిమాల్లో సోదా తప్పని తేలగానే సాక్ష్యం చెత్తబుట్టలో పడుతుంది. మన దగ్గర అలా జరగదు. 1973లో పూరన్‌మల్ కేసులో సుప్రీంకోర్టు, సోదాలో లోపమున్నంత మాత్రాన దొరికినది సాక్ష్యంగా పనికిరాకుండా పోదంది. లోపాలు కేసు బలాన్ని తగ్గిస్తాయి, అంతే. గంజాయి కేసులు మాత్రం వేరు. గెజిటెడ్ అధికారి ముందో మేజిస్ట్రేటు ముందో సోదా కోరుకునే హక్కుందని మనిషికి చెప్పకుండా ఒంటిని సోదా చేసి, దొరికిన దాన్నిబట్టే శిక్ష వేస్తే ఆ శిక్ష నిలవదని 1999లో బల్దేవ్ సింగ్ తీర్పు. ఆ హక్కు ఒంటి సోదాకే, ఇంటి సోదాకు కాదు.

ఒక్కోసారి చట్టమే తప్పై ఉంటుంది. స్టాంపుల చట్టాన్ని మన ఆంధ్రప్రదేశ్ సవరించి, కలెక్టరు ఎవరిని పంపితే వాళ్లు బ్యాంకుల్లోకి వెళ్లి ఖాతాదారుల పత్రాలు తిరగేయొచ్చంది. కెనరా బ్యాంకు కేసులో 2004లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. బ్యాంకులో పెట్టినంత మాత్రాన నీ కాగితాల గోప్యత పోదంది. అదీ తీర్పంటే!

మీ మరిది సంగతికొస్తే, సోదాలో పోలీసులు పట్టుకెళ్లిన లాప్‌టాప్ ఇప్పించమని మేజిస్ట్రేటు కోర్టులోనే పిటిషన్ వేయొచ్చు, కేసు తేలేదాకా ఆగక్కర్లేదు. కొన్న బిల్లు వెతికి ఉంచండి. జప్తు జాబితా జిరాక్సు లాయరుకివ్వు, అసలుది నీ దగ్గరే పెట్టుకో.