చేయి లాక్కున్న రాత్రి

సమస్య

నాకు 34 ఏళ్లు. గుంటూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుని. మా అమ్మమ్మ కుగ్లర్ ఆస్పత్రిలో నర్సుగా చేసింది. ఆవిడ తెల్లచీర చూసే నేనూ ఈ చదువు చదివాను. ఒకప్పుడు డ్యూటీకి వెళ్లేముందు చేసుకున్న ప్రార్థన తెల్లారేదాకా నాతోనే ఉండేది.

ఇప్పుడు రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా డ్యూటీ. నలుగురు ఉండాల్సిన చోట ఇద్దరమే ఉంటున్నాం. పొద్దున రావాల్సిన సిస్టర్ రాకపోతే మధ్యాహ్నం దాకా నేనే. ఆరాధనకు వెళ్లి నాలుగు నెలలైంది. ఒక్క ఆదివారం సెలవడిగితే పైవాళ్లు "మీరు క్రైస్తవులు కదమ్మా, సేవ అనుకుని చెయ్యండి" అన్నారు. మా చర్చి అయ్యగారు కూడా, ప్రభువు కోసం అనుకుంటే బరువనిపించదు అన్నారు.

పోయిన నెల, వరసగా ఏడో రాత్రి. ఒక మామ్మ నా చేయి పట్టుకుని "కాసేపు కూర్చో తల్లీ" అంది. పక్క మంచం మానిటర్ మోగుతోంది. చేయి లాక్కుని వెళ్లిపోయాను. తెల్లారేసరికి ఆమె లేదు. నాకు ఏడుపు రాలేదు. అదే భయంగా ఉంది. పడుకునేటప్పుడు మళ్లీ లేవకపోయినా బాగుండనిపిస్తోంది. ఉద్యోగం మానేసి పూర్తికాల పరిచర్యకు వెళ్తే దేవుడు నన్ను క్షమిస్తాడా?

జవాబు

అమ్మా, మీ చివరి మాటల దగ్గరే ముందు ఆగుతాను. లేవకపోయినా బాగుండని ఎంత తరచుగా అనిపిస్తోందో మీ ఇంట్లో ఒకరికి ఈరోజే చెప్పండి. టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు, డబ్బులుండవు. మానసిక వైద్యుణ్ణి కూడా కలవండి. ఇది విశ్వాసం చాలకపోవడం అని ఎవరన్నా అంటే నమ్మకండి. ఏలీయా ఒక బదరీవృక్షం కింద కూర్చుని ఇక చాలు, నా ప్రాణం తీసుకోమని దేవుణ్ణే అడిగాడు. ఆయన ప్రవక్త.

ఆ మామ్మ చేయి విషయం. మానిటర్ మోగుతుంటే మీరు వెళ్లింది ఇంకో ప్రాణం దగ్గరికి. నలుగురు ఉన్న ఐసీయూ అయితే ఒకరు ఆమె దగ్గర కూర్చునేవారు. ఆ ఖాళీ కుర్చీ మీ పాపం కింద రాసుకోకండి. ఆమె కోసం ఏడవాలనిపించిన రోజున ఏడవండి.

సెలవడిగితే సేవ అనుకోమన్నారే, ఆ మాటకు నాకు కోపం వచ్చింది. నిర్గమకాండం ఐదో అధ్యాయం తీసి చూడండి. ఆరాధనకు పోనివ్వమని అడిగిన కూలీలను ఫరో సోమరులన్నాడు. గడ్డి ఇవ్వడం మానేశాడు, ఇటుకల లెక్క మాత్రం తగ్గనివ్వలేదు. ఇద్దరితో నలుగురి పని చేయించడం దీనికి ఎంత దూరం? ద్వితీయోపదేశకాండంలో విశ్రాంతిదినానికి చెప్పిన కారణం కూడా అదే: మీరు ఐగుప్తులో దాసులుగా ఉన్నారు, గుర్తుంచుకోండి అని. దాసికీ, ఎద్దుకూ, గాడిదకూ విశ్రాంతి ఉండాలన్నారు. నర్సుకు లేదా?

మీ అయ్యగారి మాటకు మూలం కొలొస్సయుల పత్రిక అనుకుంటాను. ఆయన మీద గౌరవంతోనే చెబుతున్నాను, దాసులకు ఆ మాట చెప్పిన పౌలు, నాలుగో అధ్యాయం మొదటి వచనంలో యజమానులను కూడా న్యాయంగా ఉండమన్నాడు. అది కూడా ఆయనతో కలిసి చదవండి.

పరిచర్య సంగతి. మీ అమ్మమ్మ పనిచేసిన ఆస్పత్రికి పేరైన డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చారు. డాక్టరే అయినా, స్త్రీలకు చదువు చెప్పే పనికి పంపారు. వైద్యమూ పరిచర్యేనని పంపినవాళ్లు ఒప్పుకుని ఆమెను వైద్య మిషనరీగా నియమించేసరికి 1885 చివరికొచ్చింది. ఆస్పత్రి 1898లో తెరిచారు. మీరిప్పుడు అడిగే ప్రశ్న మన ఊళ్లో అప్పుడే తేలింది, అమ్మా. మీరున్నది పరిచర్యలోనే. పిలుపు వేరే ఉందనిపిస్తే తర్వాత చూద్దాం. ఇంత అలసటలో ఉన్నప్పుడు మాత్రం రాజీనామా రాయకండి.

ముందు పది రోజులు సెలవు పెట్టండి. తిరిగి వెళ్లాక వరసగా ఇన్ని రాత్రుళ్లు వద్దని కాగితం మీద రాసి, తోటి సిస్టర్లందరితో సంతకాలు పెట్టించి ఇవ్వండి. వాళ్ల దసరాకు, రంజాన్‌కు మీరు డ్యూటీ తీసుకోండి, మీ ఆదివారాలు వాళ్లు చూసుకుంటారు. చాలాచోట్ల నర్సులు ఇలాగే నెట్టుకొస్తున్నారు. అప్పటికీ యాజమాన్యం కదలకపోతే వేరే ఆస్పత్రి వెతుక్కోండి. ఆస్పత్రి మారడం ప్రభువును విడిచిపెట్టడం కాదు.

సెలవులో మొదటి రోజు ఆరాధనకు కూడా వెళ్లక్కర్లేదు. ఫోను ఇంకో గదిలో పెట్టి పడుకోండి. ఏలీయాను దేవదూత రెండుసార్లు తట్టి లేపింది. రెండుసార్లూ అన్నం తినమనే.