స్టీరింగ్ చురుకైతే మలుపు చిన్నదవుతుందా?

మార్కెట్ యార్డులో సరుకు దించి, ఇరుకు చోట పికప్ వాహనాన్ని వెనక్కి తిప్పుకునే డ్రైవరు చేతులకు క్షణం తీరిక ఉండదు. పాత పికప్‌లలో స్టీరింగ్‌ను ఒక చివరి నుంచి మరో చివరికి తిప్పాలంటే దాదాపు నాలుగు చుట్లు పడుతుంది. చాలా కార్లలో మూడు చుట్లకే ఆ పని అయిపోతుంది. అందుకే ‘కొంచెం తిప్పితే బండి చటుక్కున తిరగాలి’ అని యజమానులు మెకానిక్‌ను అడుగుతుంటారు. ఈ కోరికలో రెండు వేర్వేరు విషయాలు కలిసి ఉన్నాయి. ఒకటి, బండి త్వరగా స్పందించడం. రెండోది, తక్కువ చోటులో తిరగడం. మొదటిది సాధించినంత మాత్రాన రెండోది రాదు. ఎందుకో తెలియాలంటే ముందుగా స్టీరింగ్ నిష్పత్తిని అర్థం చేసుకోవాలి.

20 డిగ్రీలకు 1 డిగ్రీ

స్టీరింగ్‌ను 20 డిగ్రీలు తిప్పితే ముందు చక్రాలు 1 డిగ్రీ తిరిగాయనుకుందాం. అప్పుడు స్టీరింగ్ నిష్పత్తి 20:1. బరువైన వాహనాల్లో ఇది ఎక్కువగానూ, కార్లలో తక్కువగానూ ఉంటుంది. ముందు చక్రాలు ఇరువైపులా 35 డిగ్రీల చొప్పున తిరిగే పికప్‌లో 20:1 నిష్పత్తి ఉంటే, స్టీరింగ్ మొత్తం 1,400 డిగ్రీలు, అంటే సుమారు 3.9 చుట్లు తిరగాలి. నిష్పత్తిని 14:1కి తగ్గిస్తే 980 డిగ్రీలు, అంటే 2.7 చుట్లు చాలు.

చాలా పాత పికప్‌లలో ఈ పనిని స్టీరింగ్ బాక్స్ చేస్తుంది. అందులో మర లాంటి ఇరుసు, దాని మీద జరిగే నట్టు, రెండింటి మధ్య దొర్లే ఉక్కు గుళ్లు ఉంటాయి. నట్టు జరిగినప్పుడు దాని పళ్లు మరో ఇరుసును తిప్పుతాయి. ఆ ఇరుసుకు బిగించిన పిట్‌మన్ ఆర్మ్, కడ్డీల ద్వారా చక్రాలను నెడుతుంది. చురుకైన స్టీరింగ్ కావాలనుకునేవారు సాధారణంగా తక్కువ నిష్పత్తి ఉన్న బాక్స్‌ను బిగిస్తారు. పిట్‌మన్ ఆర్మ్ పొడవు పెంచినా నిష్పత్తి తగ్గుతుంది కానీ, బాక్స్ లోపలి భాగాల మీద భారం పెరుగుతుంది.

బలం లెక్క, వేగం లెక్క

స్టీరింగ్ కూడా ఒక రకమైన మీటే. తిప్పాల్సిన దూరం తగ్గితే పెట్టాల్సిన బలం పెరుగుతుంది. 20:1 నుంచి 14:1కి మారితే, పవర్ సాయం లేనప్పుడు చేతులకు దాదాపు 43 శాతం ఎక్కువ బలం కావాలి. పూర్వం భారీ వాహనాలకు పెద్ద స్టీరింగ్, ఎక్కువ చుట్లు ఉండటానికి కారణం ఇదే. ఫ్రాన్సిస్ డేవిస్ అనే అమెరికన్ ఇంజినీరు 1926లో హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్‌ను నడిపి చూపించినా, అమ్మకానికి వచ్చిన కార్లలోకి అది 1951లో క్రైస్లర్ ద్వారా చేరింది. ఆ సాయం దొరికాకే తక్కువ నిష్పత్తులు బరువైన బండ్లకు ఆచరణలో వీలయ్యాయి.

అసలు జాగ్రత్త పడాల్సింది హైవే మీద. మలుపులో బండి మీద పడే పక్క త్వరణం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ముందు, వెనుక ఇరుసుల మధ్య 3 మీటర్ల దూరం ఉన్న పికప్ గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళుతుండగా డ్రైవరు స్టీరింగ్‌ను 10 డిగ్రీలు కదిపాడనుకుందాం. టైర్ల జారుడును పక్కన పెట్టి లెక్కిస్తే, 20:1 నిష్పత్తిలో పక్క త్వరణం గురుత్వ త్వరణంలో 0.15 వంతు. 14:1లో అది 0.21 వంతు. అదే కదలిక గంటకు 20 కిలోమీటర్ల వేగంలో ఇందులో పదహారో వంతు ప్రభావమే చూపుతుంది. యార్డులో హాయిగా అనిపించిన స్టీరింగ్, హైవే మీద గేదెను తప్పించబోయే క్షణంలో అతిగా స్పందించవచ్చు.

పికప్ విషయంలో సరుకు ఎత్తును కూడా లెక్కలోకి తీసుకోవాలి. బండి బోల్తా పడే అవధిని స్థూలంగా ఇలా లెక్కిస్తారు: ఎడమ, కుడి చక్రాల మధ్య దూరాన్ని, గురుత్వ కేంద్రం ఎత్తుకు రెట్టింపుతో భాగించాలి. చక్రాల మధ్య 1.4 మీటర్లు, గురుత్వ కేంద్రం 0.7 మీటర్ల ఎత్తులో ఉంటే ఆ అవధి 1. బస్తాలు ఎత్తుగా పేర్చాక గురుత్వ కేంద్రం 1.1 మీటర్లకు చేరితే అది 0.64కి పడిపోతుంది. స్ప్రింగులు, టైర్లు ఒరిగిపోవడం వల్ల అసలు అవధి ఇంకా తక్కువే. ఖాళీ బండితో అలవాటైన చేతి విసురు, నిండు బండితో ప్రమాదకరం కావడానికి కారణం ఇది.

తక్కువ చోటులో తిరగాలంటే

మలుపు వృత్తం ఎంత చిన్నదనేది స్టీరింగ్ ఎన్ని చుట్లు తిరిగిందన్న దాని మీద ఆధారపడదు. ఇరుసుల మధ్య దూరం ఎంత, ముందు చక్రాలు గరిష్ఠంగా ఎన్ని డిగ్రీలు తిరుగుతాయి అన్నవే దాన్ని నిర్ణయిస్తాయి. 3 మీటర్ల బండిలో చక్రాలు 35 డిగ్రీలు తిరిగితే ముందు ఇరుసు మధ్య బిందువు గీసే వృత్త వ్యాసార్థం సుమారు 5.2 మీటర్లు. 40 డిగ్రీలు తిరగగలిగితే 4.7 మీటర్లు. బాక్స్ మార్చినా చక్రాలను ఆపే స్టాపర్లు అక్కడే ఉంటాయి కాబట్టి వృత్తం మారదు. ఆ స్టాపర్లను జరిపితే టైరు ఫ్రేముకో బ్రేకు గొట్టానికో రాసుకునే ప్రమాదం ఉంది.

దీనికి ఇంజినీర్లు వెతికిన మరో దారి వెనుక చక్రాలను కూడా తిప్పడం. అమెరికాలో 2002లో జీఎంసీ సియెర్రా డెనాలీ పికప్‌కు వచ్చిన క్వాడ్రాస్టీర్ వ్యవస్థ, తక్కువ వేగంలో వెనుక చక్రాలను ముందు చక్రాలకు వ్యతిరేక దిశలో 12 డిగ్రీల వరకు తిప్పేది. దాంతో మలుపు వృత్తం వ్యాసం సుమారు 14.4 మీటర్ల నుంచి 11.4 మీటర్లకు తగ్గింది. ఎక్కువ వేగంలో వెనుక చక్రాలు ముందు వాటి దిశలోనే కొద్దిగా తిరిగి బండిని నిలకడగా ఉంచేవి. 2023లో వచ్చిన టెస్లా సైబర్‌ట్రక్ ఇంకో అడుగు ముందుకేసింది. అందులో స్టీరింగ్‌కు, చక్రాలకు మధ్య ఇనుప కడ్డీ లేదు. విద్యుత్ సంకేతాలే చక్రాలను తిప్పుతాయి, వేగాన్ని బట్టి నిష్పత్తి మారుతుంది. యార్డులో చురుకుదనం, హైవేలో నింపాదితనం రెండూ ఒకే బండిలో దొరకడానికి ఇది ఒక మార్గం.

ముందు చూడాల్సింది వదులునే

పాత బండిలో మందకొడితనానికి చాలాసార్లు కారణం నిష్పత్తి కాదు, అరుగుదల. కడ్డీల కీళ్లలో అర డిగ్రీ వదులు ఉంటే, 20:1 నిష్పత్తిలో స్టీరింగ్ దగ్గర అది 10 డిగ్రీల ఖాళీ కదలికగా తెలుస్తుంది. ఆ కీళ్లను అలాగే ఉంచి 14:1 బాక్స్ బిగిస్తే ఆ ఖాళీ 7 డిగ్రీలుగా కనిపిస్తుంది. లోపం తగ్గినట్టు అనిపించినా చక్రం దగ్గర అర డిగ్రీ వదులు అలాగే ఉంది. కొత్త బాక్స్ పాత అరుగుదలను దాచిపెట్టిందంతే. మన దేశంలో 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల ప్రకారం స్టీరింగ్ దగ్గర ఈ ఖాళీ కదలిక 30 డిగ్రీలు మించకూడదు.

అందుకే వరుస ముఖ్యం. సమతల నేల మీద బండి నిలిపి, కదలకుండా చక్రాలకు అడ్డు పెట్టి, ఇంజిన్ నడుస్తుండగా ఒకరు స్టీరింగ్‌ను అటూ ఇటూ కొద్దిగా కదపాలి. మరొకరు పక్క నుంచి టై రాడ్ కీళ్లను, బాక్స్ బోల్టులను గమనిస్తే వదులు ఎక్కడుందో తెలుస్తుంది. అరిగిన కీళ్లు మార్చి, టైర్లలో గాలి సరిచేసి, వీల్ అలైన్‌మెంట్ చేయించాకే బాక్స్ సంగతి. బాక్స్ మీది సర్దుబాటు మరను అతిగా బిగిస్తే మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను మధ్యకు రాదు.

ఆ తర్వాత కూడా మార్పు అవసరమనిపిస్తే, అది తయారీదారు ఆ మోడల్‌కు ఆమోదించిన భాగమేనా అని చూసుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు చెప్పినవాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తోంది. చాలా బండ్లకు కొత్త బాక్స్ అవసరమే రాదు. రెండు మూడు కీళ్లు, ఒక అలైన్‌మెంట్‌తో పాత చురుకుదనం తిరిగి వస్తుంది.