బహిరంగ స్థలములు – సమాన ప్రవేశము

2020 మార్చి 25న దేశవ్యాప్త లాక్‌డౌన్ ఆరంభమైన పిదప, ఆంధ్రప్రదేశ్ పట్టణములందు రైతు బజారులు క్రీడామైదానములకు తరలింపబడినప్పుడు, ఖాళీస్థలము ఎంతటి ప్రాణావసరమో జనులెఱింగిరి. దానిపై హక్కు మాత్రము నూతనము గాదు: ప్రభుత్వధనముతో పోషింపబడు బావులు, చెఱువులు, స్నానఘట్టములు, రహదారులు, ప్రజలు చేరు స్థలముల వినియోగమున మత, జాతి, కుల, లింగ, జన్మస్థల భేదములను రాజ్యాంగపు 15(2) అధికరణము నిషేధించుచున్నది. 15(1) రాజ్యమునకే వర్తింపగా, 15(2) వ్యక్తులకును వర్తించును. పరీక్షార్థులు తడబడునది ఇచ్చటనే. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన బాపట్ల జిల్లాలోని చెరుకుపల్లి చెఱువుగట్టునకును, సూర్యలంక సముద్రతీరమునకును సూత్రమొక్కటియే. ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యములందలి 11.7 లక్ష్యము 2030 నాటికి స్త్రీలకు, బాలలకు, వృద్ధులకు, దివ్యాంగులకు విశేషించి సురక్షిత హరితస్థలములను కోరుచున్నది.