శస్త్రచికిత్స కాన్పు: బాలింత నొప్పికి విశ్రాంతి సాధనములు

“ఆపరేషన్ కాన్పు గదా, ఆమె నొప్పులు పడనే లేదు” అను మాట మన ఇండ్లలో తరచుగా వినబడుచుండును. ఈ మాట సత్యము కాదు. మామూలు కాన్పులో బిడ్డ పుట్టుటతో నొప్పులు చాలవరకు తీరును. సిజేరియన్ కాన్పులో మత్తు వదలిన పిదపనే నొప్పి తెలియును. కడుపును గర్భాశయమును కోసి కుట్టిన గాయముతోనే ఆ తల్లి లేవవలెను, దగ్గవలెను, బిడ్డకు పాలియ్యవలెను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు ఈ విధముగా జరిగినవి. కావున ఇది ఏదో ఒక ఇంటి సమస్య కాదు.

నొప్పికి భయము తోడైనచో కండరములు బిగియును. బిగిసినకొలది నొప్పి హెచ్చును. ఆంగ్ల వైద్యుడు గ్రాంట్లీ డిక్-రీడ్ ప్రసవము విషయమున ఈ సంబంధమునే వివరించెను. ఎమ్మిగనూరు మగ్గముల నెరిగినవారికి ఇది తెలియనిది కాదు: పడుగు మితిమీరి బిగిసినచో పోగు తెగును. 1965లో మెల్జాక్, వాల్ అను శాస్త్రజ్ఞులు వెన్నుపాములో నొప్పికి ఒక ద్వారము వంటిది కలదని ప్రతిపాదించిరి. ఆదోని మార్కెట్ యార్డు గేటు కొంత మూసినచో పత్తి బండ్లు లోనికి తగ్గినట్లే, మృదువైన స్పర్శ, నిశ్చింత ఆ ద్వారమును కొంత మూయునని వారి భావము.

సాధనములు సులభములు. మొదటిది శ్వాస: ముక్కుతో నాలుగు లెక్కించువరకు గాలి పీల్చి, ఆరు లెక్కించువరకు మెల్లగా విడువవలెను. రెండవది, ఎడ్మండ్ జేకబ్‌సన్ 1929లో గ్రంథముగా ప్రకటించిన కండర విశ్రాంతి పద్ధతి: పిడికిలి, భుజములు, ముఖము, పాదములు ఒక్కొక్కటిగా కొన్ని క్షణములు బిగించి వదలవలెను, కుట్లున్న కడుపును మాత్రము బిగింపరాదు. మూడవది, దగ్గునప్పుడు గాయముపై దిండు నదిమి పట్టుట. లేచునప్పుడు ప్రక్కకు ఒత్తిగిలి, చేతుల ఊతతో లేచుట. నాలుగవది, అరచేతులు, పాదములు మెల్లగా నిమురుట. ఖురాన్ పారాయణము గాని, భజన గాని, ఇష్టమైన పాట గాని వినుట ఐదవది. వీటితో నొప్పి కొంత తగ్గినట్లు పలు పరిశోధనలలో కనబడినది. అందరికిని ఒకే విధముగా కాదు.

ఇవి మందులకు తోడేగాని బదులు కావు. పాలు చెడునని భయపడి మాత్రలు మానరాదు. పాలిచ్చు తల్లికి తగినవే వైద్యులు వ్రాయుదురు. చిల్లా యని, పురుడని దినములకొలది మంచము దిగనీయకుండుటయు మేలు కాదు. వైద్యుల అనుమతితో మరునాటి నుండియే మెల్లగా నడచుట రక్తము గడ్డకట్టకుండ కాపాడును. జ్వరము, కుట్లలో చీము, అధిక రక్తస్రావము, పిక్క వాపు, ఆయాసము, నానాటికి హెచ్చు నొప్పి కనబడినచో ఆలసింపక ఆసుపత్రికి పోవలెను. వాచిన పిక్కను రుద్దరాదు.

అయితే ఈ సాధనలకు ఇరువది నిమిషముల నిశ్శబ్దము కావలెను. చూడవచ్చిన బంధువులతో నిండిన గదిలో, ఇంటిపనికి పిలుపులు వచ్చుచుండగా, ఆ తల్లికి అది దొరకదు. దానిని సమకూర్చుట భర్త, అత్తగారు, అమ్మగారి వంతు. మన విద్యార్థినీ విద్యార్థులు ఈ విషయమును తెలుగులోనో ఉర్దూలోనో తమ ఇండ్ల పెద్దలకు విన్నవింపవలెనని కోరుచున్నాము. “నీకు నొప్పి ఎంతగా ఉన్నదమ్మా?” యని అడుగుటయే ఉపశమనమునకు మొదటి మెట్టని మా నమ్మకము.